అప్‌డేట్ అవకపోతే పాత సామాన్లోడికి ఇచ్చెయ్యాలా?

చుట్టాలింటికెళ్ళిన ఏ సాఫ్ట్‌వేర్ ఇంజినీరుకైనా తప్పని పని ఒకటుంది. కాఫీ గ్లాసు చేతికిచ్చి, రెండు గుక్కలు తాగేలోపే "ఆ సిస్టమ్ కాస్త చూడకూడదూ, తెగ స్లో అయిపోయింది" అంటారు. మనం రాసేది జావానా, చేసేది టెస్టింగా, శాప్ కన్సల్టింగా అన్నది వాళ్ళకనవసరం. కంప్యూటర్ ఉద్యోగం చేసేవాడికి కంప్యూటర్ బాగుచెయ్యడం రావాలి, అంతే! మనమూ కాదనలేక ఫార్మాట్ కొట్టి విండోస్ మళ్ళీ ఎక్కిస్తాం. ఓ గంటలో అయిపోతుంది. తళతళలాడే కొత్త డెస్క్‌టాప్ వస్తుంది. అసలు కథ అక్కణ్ణుంచే మొదలు. "చెక్ ఫర్ అప్‌డేట్స్" నొక్కుతాం. ఆకుపచ్చ గీత తిరుగుతుంది, తిరుగుతుంది, తిరుగుతూనే ఉంటుంది. చివరికి ఓ ఎర్రటి గుర్తూ, తలాతోకా లేని ఓ ఎర్రర్ కోడూ మిగుల్తాయి.

అప్పుడు మనలో చాలామంది చెప్పే తీర్పు ఒకటే. "దీని పనైపోయిందండీ, కొత్తది తీసుకోండి." నా అభ్యంతరమల్లా ఈ తీర్పు మీదే. నిన్నటిదాకా పనిచేసిన మెషీన్ ఫార్మాట్ కొట్టగానే ఎలా ముసలిదైపోయింది? ప్రాసెసర్ అదే, ర్యామ్ అదే. మారింది అవతలి వైపు. మెషీన్‌లో మనం పెట్టిన సాఫ్ట్‌వేర్ ఏ 2011 దగ్గరో నిలబడి ఉంది. సర్వర్లు ఇవాళ్టి దగ్గరున్నాయి. మధ్యలో ఒక్కొక్కటిగా ఎక్కాల్సిన మెట్లని ఎవరో తీసేశారు. మెట్లు లేని మేడ ఎక్కలేదని ముసలాయన కాళ్ళని తిడితే ఏం లాభం?

గాల్లో మాట్లాడకుండా ఓ నిజమైన కేసు తీసుకుందాం. విండోస్ 7 అందరికీ తెలిసిందే కాబట్టి దాంతోనే మొదలెడదాం.

విండోస్ 7 వచ్చింది 2009 అక్టోబర్ 22న. సర్వీస్ ప్యాక్ 1 వచ్చింది 2011 ఫిబ్రవరిలో. మామూలు జనానికి మద్దతు ఆగిపోయింది 2020 జనవరి 14న. మన ఇళ్ళల్లో ఉండే డీవీడీ, లేకపోతే ఎప్పుడో చేసి పెట్టుకున్న పెన్ డ్రైవ్, సాధారణంగా సర్వీస్ ప్యాక్ 1 దగ్గర ఆగిపోయి ఉంటుంది. అంటే దాంతో ఎక్కించిన మెషీన్‌కి దాదాపు తొమ్మిదేళ్ళ ప్యాచ్‌లు కావాలి. కావాలంటే ఇచ్చే సర్వర్ దాంతో మాట్లాడాలి కదా! మాట్లాడదు. చాలాసార్లు కనిపించే కోడ్ 80072ఈఎఫ్ఈ. చూస్తే నెట్ కనెక్షన్ తెగిపోయినట్టుంటుంది. నెట్ శుభ్రంగానే ఉంటుంది. మనం మోడెమ్ ఆపి మళ్ళీ వేస్తాం, వైఫై తీసి కేబుల్ పెడతాం, యాంటీవైరస్‌ని అనుమానిస్తాం. ఆ తప్పు వాటిలో ఏ ఒక్కదానిదీ కాదు.

అసలు సంగతేంటంటే, విండోస్ తనకొచ్చే ప్రతి అప్‌డేట్ నిజంగా మైక్రోసాఫ్ట్ నుంచే వచ్చిందా అని డిజిటల్ సంతకం చూసి తేల్చుకుంటుంది. ఆ సంతకాల్లో మొదట్లో షా-1 అనే హ్యాష్ వాడేవారు. 2017 ఫిబ్రవరిలో గూగుల్ వాళ్ళూ, ఆమ్‌స్టర్‌డామ్‌లోని సీడబ్ల్యూఐ పరిశోధన సంస్థ వాళ్ళూ కలిసి, ఒకే షా-1 విలువ వచ్చే రెండు వేర్వేరు పీడీఎఫ్ ఫైళ్ళు తయారుచేసి చూపించారు. అంటే దొంగ సంతకం సాధ్యమే అన్నమాట. కాబట్టి షా-1ని వదిలెయ్యడం న్యాయమే, దాన్ని నేను తప్పు పట్టను. 2019లో విండోస్ 7 అప్‌డేట్లు షా-2 సంతకాలకి మారిపోయాయి. 2020లో షా-1తో నడిచే పాత అప్‌డేట్ చిరునామాలని కూడా మూసేశారు.

షా-2 సంతకం చదవడం నేర్పే ప్యాచ్ ఒకటుంది, కేబీ 4474419. దానికంటే ముందు పెట్టాల్సిన సర్వీసింగ్ స్టాక్ ప్యాచ్ ఇంకోటుంది, కేబీ 4490628. రెండూ 2019లో వచ్చాయి. ఆ రెండూ ఎక్కితే తప్ప కొత్త చిరునామాని ఈ మెషీన్ నమ్మదు. ఆ చిరునామాని నమ్మితే తప్ప ఆ రెండూ వాటంతటవి రావు. పెళ్ళి కుదిరితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్ళి కుదరదు అన్న సామెత గుర్తొచ్చిందా? సరిగ్గా అదే.

పోనీ బ్రౌజర్ తెరిచి చేత్తో దించుకుందామా అంటే, కొత్తగా ఎక్కించిన విండోస్ 7లో ఉండేది ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 8. దాంట్లో టీఎల్‌ఎస్ 1.2 ఉంటుంది గానీ, డిఫాల్ట్‌గా ఆపేసి ఉంటుంది. ఈ కాలపు సైట్లలో చాలా భాగం దాంతో తెరుచుకోవు. క్రోమ్ దించుకుందామంటే 2023 ఫిబ్రవరిలో వచ్చిన 110వ వెర్షన్ నుంచి విండోస్ 7ని వదిలేసింది. ఇంకో కంప్యూటర్లో ఫైళ్ళు దించి పెన్ డ్రైవ్‌లో మోసుకురావాల్సిందే. ఇంట్లో ఒక్కటే కంప్యూటర్ ఉన్నవాళ్ళ సంగతి చెప్పక్కర్లేదు.

ఇదంతా పాత విండోస్ గోల, విండోస్ 10 వాళ్ళకి మాకేంటి అంటారా? 2024 జనవరి 9న కేబీ 5034441 అని ఒక అప్‌డేట్ వచ్చింది. బిట్‌లాకర్ తాళాన్ని తప్పించుకునే ఓ లోపాన్ని పూడ్చడానికి, రికవరీ విభాగంలో మార్పులు చేసే అప్‌డేట్ అది. ఆ విభాగంలో 250 ఎంబీ ఖాళీ కావాలి. చాలా మెషీన్లలో ఆ మొత్తం విభాగమే 500 ఎంబీ చిల్లర. దాంతో అప్‌డేట్ ఫెయిల్. బిట్‌లాకర్ పేరు కూడా వినని ఇళ్ళల్లో కూడా ఫెయిల్!

ఇక్కడ గమనించాల్సింది కోడ్. కనబడిన కోడ్ 80070643, అంటే "ఇన్‌స్టాల్ విఫలమైంది" అని. అబ్బో, ఎంత గొప్ప సమాచారం! "స్థలం చాలలేదు" అని వేరే కోడ్ రావాల్సింది, మా ఎర్రర్ హ్యాండ్లింగ్‌లో పొరపాటు వల్ల ఇది కనిపిస్తోంది అని మైక్రోసాఫ్టే ఒప్పుకుంది. పరిష్కారం ఏమిటయ్యా అంటే, కమాండ్ ప్రాంప్ట్ తెరిచి డిస్క్‌పార్ట్‌తో సీ డ్రైవ్‌ని 250 ఎంబీ కుదించి, రికవరీ విభాగాన్ని తీసేసి మళ్ళీ కట్టుకోమన్నారు. డిస్క్‌పార్ట్‌లో ఒక్క అంకె తప్పు కొడితే డేటా గోవిందా అని మనకి తెలుసు. రిటైరైన లెక్కల మాస్టారికి ఎలా తెలుస్తుంది? దీనికి ఆటోమేటిక్ పరిష్కారం రాదని కూడా తర్వాత తేల్చి చెప్పేశారు.

ఇది ఒక్క కంపెనీ జబ్బు కాదు. పాత మ్యాక్‌లో ఓయస్ మళ్ళీ ఎక్కించబోతే, "ఈ ఇన్‌స్టాలర్‌ని ధృవీకరించలేకపోతున్నాం, ఇది పాడై ఉండొచ్చు" అని భయపెట్టే సందేశం వస్తుండేది. ఫైల్ పాడవలేదు. దాని సర్టిఫికెట్ గడువు 2019 అక్టోబర్ 24తో తీరిపోయింది. జనం కనిపెట్టిన చిట్కా ఏంటంటే, టెర్మినల్ తెరిచి తేదీని వెనక్కి తిప్పి, ఆ మెషీన్‌ని మనం ఇంకా పాత కాలంలోనే ఉన్నామని నమ్మించడం! ఆపిల్ తర్వాత కొత్త సర్టిఫికెట్‌తో పాత ఇన్‌స్టాలర్లని మళ్ళీ పెట్టింది. ఆ ముక్కకి మెచ్చుకోవాల్సిందే.

"సరే గురూ, ఇంత బాధపడి పాత మెషీన్ పట్టుకు వేలాడ్డం దేనికి? కొత్తది కొనుక్కుంటే పోలా?" అని మీలో కొందరు అనుకుంటూ ఉంటారు. నెలాఖరుకి జీతం పడేవాళ్ళకి అలాగే అనిపిస్తుంది. మా బాబాయ్‌కి తెనాలిలో చిన్న డీటీపీ సెంటర్ ఉంది. శుభలేఖలు, కరపత్రాలు, గుడి రసీదు పుస్తకాలు, అప్పుడప్పుడూ ఎవరైనా మాస్టారు సొంతంగా అచ్చేయించుకునే కవితల పుస్తకం. ఆయన ప్రపంచమంతా 2001లో వచ్చిన పేజ్‌మేకర్ 7.0, దాని పక్కన అను స్క్రిప్ట్ మేనేజర్. అను ఫాంట్లు యూనికోడ్ కావు. ఆ ఫైల్‌ని ఇవాళ్టి వర్డ్‌లో తెరిస్తే పిచ్చి గీతలు కనిపిస్తాయి. ఇరవై ఏళ్ళ శుభలేఖల నమూనాలు, గోత్రాలూ ముహూర్తాలతో సహా, ఆ పాత ఫార్మాట్‌లోనే ఉన్నాయి. "పెళ్ళికొడుకు పేరు మార్చి ఇయ్యి" అంటే ఐదు నిమిషాల్లో అయిపోయే బేరం అది.

ఆయన మెషీన్‌లో హార్డ్ డిస్క్ పోతే, కొత్త ఎస్ఎస్‌డీ వేసి విండోస్ 7, పేజ్‌మేకర్, అను అన్నీ మళ్ళీ ఎక్కించుకోవాల్సి వచ్చింది. ఊళ్ళో ఉన్న మెకానిక్ "ఇంక అప్‌డేట్లు రావు సార్, ఆపేసి వాడుకోండి" అని చెప్పి వెళ్ళిపోయాడు. బాబాయ్ నాకు ఫోన్ చేసి అడిగింది ఒకటే ప్రశ్న. "ఒరేయ్, కొత్తది కొనడానికి డబ్బులు ఎలాగో సర్దుతాను. కొత్తదాంట్లో నా ఫైళ్ళు తెరుచుకుంటాయా?" నా దగ్గర సూటిగా అవునని చెప్పే జవాబు లేదు. ఆయనకి కంప్యూటరంటే నలభై వేల డబ్బా కాదు, ఇరవై ఏళ్ళ పని.

ఇక ఆ మెకానిక్ మాట, "ఆపేసి వాడుకోండి". అసలు ప్రమాదం అక్కడుంది. మళ్ళీ మళ్ళీ ఫెయిలయ్యే అప్‌డేట్ జనానికి ఒకటే పాఠం నేర్పుతుంది, అప్‌డేట్ అంటే తలనొప్పి అని. ఆపేస్తే హాయి అని. 2017 మార్చిలో మైక్రోసాఫ్ట్ ఎంఎస్17-010 అనే ప్యాచ్ ఇచ్చింది. మే నెలలో వానాక్రై వచ్చి ప్రపంచమంతా ఫైళ్ళకి తాళాలేసి డబ్బులడిగింది. బలైన వాటిలో ఎక్కువ భాగం విండోస్ 7 మెషీన్లే, అంటే రెండు నెలల ముందే మందు ఉన్న మెషీన్లు. మన ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని పోలీసు కార్యాలయాల కంప్యూటర్లు కూడా అప్పుడు చిక్కుకున్నాయి. "జనం అప్‌డేట్ చేసుకోరు, వాళ్ళకి బుద్ధి లేదు" అని మనం సులువుగా అనేస్తాం. అప్‌డేట్ నొక్కితే రోజంతా తిరిగి చివరికి ఎర్రగుర్తు చూపించే వ్యవస్థని కట్టింది మన జాతే కదా!

పాత మెషీన్ కుదరదు అన్నప్పుడు దాంట్లో మూడు రకాలుంటాయి. మనం మూడింటినీ ఒకే గాటన కట్టేస్తున్నాం.

ఒకటి, హార్డ్‌వేర్‌కి నిజంగా చేతకాకపోవడం. 2024లో వచ్చిన విండోస్ 11 24హెచ్2 వెర్షన్‌కి ప్రాసెసర్‌లో పాప్‌కౌంట్ లాంటి ఇన్‌స్ట్రక్షన్లు తప్పనిసరి. కోర్ 2 డ్యుయోలో అవి లేవు, బూటే అవదు. దీనికి ఎవరేం చెయ్యగలరు?

రెండు, చేతనైనా కంపెనీ వద్దనడం. 2021లో విండోస్ 11 వచ్చినప్పుడు ఇంటెల్ వాటిల్లో దాదాపుగా ఎనిమిదో తరం నుంచే తీసుకుంటాం, టీపీఎం 2.0 ఉండాలి అన్నారు. ఏడో తరం మెషీన్ దాన్ని నడపలేక కాదు. అది ఒక విధానం. విధానాన్ని మెచ్చుకోవచ్చు, తిట్టొచ్చు, కనీసం బహిరంగంగా చెప్పారు.

మూడోది, హార్డ్‌వేర్‌కి చేతనవుతుంది, ప్యాచ్‌లూ ఎప్పుడో తయారై ఉన్నాయి, కానీ వాటి దగ్గరికి చేరే దారి లేదు. ఈ మూడోదానికి ఎవరూ బాధ్యత తీసుకోరు. "మద్దతు అయిపోయింది" అన్న ఒక్క మాట కింద దాచేస్తారు. 2020 ఆగస్టు 3న మైక్రోసాఫ్ట్ డౌన్‌లోడ్ సెంటర్ నుంచి షా-1 సంతకం ఉన్న ఫైళ్ళన్నీ తీసేసింది. కొత్త సంతకం పెట్టి మళ్ళీ ఉంచనివన్నీ దాంతోపాటే పోయాయి.

మద్దతు అంటే నా దృష్టిలో రెండు పనులు. కొత్త కంతలు వెతికి కొత్త ప్యాచ్‌లు రాయడం ఒకటి. దానికి మనుషులు కావాలి, డబ్బు కావాలి, అది ఒక రోజున ఆగిపోవడం సహజం. ఎప్పుడో రాసేసిన ప్యాచ్‌లని అందుబాటులో ఉంచడం రెండోది. దానికి కావాల్సింది కాస్త డిస్క్ స్థలం, కాస్త మర్యాద. మొదటిది ఆగినంత మాత్రాన రెండోది ఆపెయ్యాలని ఎక్కడుంది?

ఇది కుదరని కోరికేం కాదు. లైనక్స్ వాళ్ళని చూడండి. గడువు తీరిన ఉబుంటులో అప్‌డేట్ కొడితే మొదట 404లే వస్తాయి, నిజమే. కానీ సోర్సెస్ ఫైల్‌లో చిరునామాని ఓల్డ్-రిలీజెస్‌కి మారిస్తే, 2004లో వచ్చిన మొట్టమొదటి 4.10 నుంచీ అన్నీ అక్కడ ఉన్నాయి. డెబియన్ ఆర్కైవ్‌లో 1990ల నాటి వెర్షన్లు కూడా దొరుకుతాయి. సెంటోస్ 7 గడువు 2024 జూన్ 30న తీరింది. మిర్రర్‌లిస్ట్ చిరునామా మాయమై ఎన్నో ఆఫీసుల్లో బిల్డులు పగిలాయి. ఈ టపా చదివేవాళ్ళలో ఆ వారం నిద్ర లేనివాళ్ళు కొందరైనా ఉంటారు! కానీ వాల్ట్‌కి మార్చుకోగానే పని నడిచింది. పాత వస్తువుల్ని అటక మీద పెట్టారు, తగలెయ్యలేదు. ఈ రెండింటికీ తేడా ఉంది.

మైక్రోసాఫ్ట్‌కి కూడా ఇది చేతకాక కాదు. 2016 మేలో విండోస్ 7 కోసం కేబీ 3125574 అని ఓ పెద్ద మూట ఇచ్చింది. సర్వీస్ ప్యాక్ 1 తర్వాత 2016 ఏప్రిల్ దాకా వచ్చిన వాటిలో దాదాపు అన్నీ దాంట్లో ఉన్నాయి. 2016 అక్టోబర్ నుంచి వచ్చిన నెలవారీ రోలప్‌లు ఒకదాంట్లో ఒకటి కలుస్తూ వచ్చాయి. కాబట్టి 2020 జనవరి రోలప్, కేబీ 4534310, పెడితే మిగతా కథ పూర్తవుతుంది. అంటే తొమ్మిదేళ్ళ దూరాన్ని ఐదారు ఫైళ్ళతో, సరైన వరసలో పెడితే, దాటెయ్యొచ్చు. ఆ వరస తెలిసినవాడికి ఒక సాయంత్రం పని. తెలియనివాడికి అది చెడిపోయిన కంప్యూటర్. ఈ ఐదారూ కలిపి, చివరి రోజున, కొత్త సంతకంతో ఒక్క ఐఎస్‌ఓ చేసి పెడితే ఏం పోయేది?

దీనికి వచ్చే బలమైన అభ్యంతరం నాకు తెలుసు. "అలా ఇస్తే జనం పాత ఓయస్‌నే పట్టుకుని కూర్చుంటారు, అది సెక్యూరిటీకి చేటు" అని. ఈ వాదనలో నిజం ఉంది. 2020 చివరి ప్యాచ్ పెట్టుకున్న విండోస్ 7 కూడా ఇవాళ బ్యాంకు పని చేసుకోవడానికి సురక్షితం కాదు. కానీ బాబాయ్ లాంటివాళ్ళు దారి మూసేస్తే కొత్తదానికి వెళ్ళిపోవట్లేదు. 2011 నాటి వెర్షన్ దగ్గరే, ఏ ప్యాచూ లేకుండా, వానాక్రైకి తలుపులు బార్లా తీసి కూర్చుంటున్నారు. పైగా ఎక్కడెక్కడివో "ఆల్ అప్‌డేట్స్ ప్రీ-ఇన్‌స్టాల్డ్" అని రాసున్న ఐఎస్‌ఓలు దించుకుంటున్నారు. దాంట్లో ఏం కలిపారో ఆ పైవాడికెరుక. అసలు వాడు దుకాణం మూసేస్తే జనం మానెయ్యరు, నకిలీ వాడి దగ్గరికెళతారు.

ఇంత చెప్పాక, చేతికి పాత మెషీన్ వస్తే ఏం చెయ్యాలో చెప్పకపోతే బావోదు. నేను పాటించే వరస ఇది.

మొట్టమొదట తేదీ చూడండి. నవ్వకండి. పాత మదర్‌బోర్డుల్లో సీఆర్2032 బ్యాటరీ చచ్చిపోయి, కరెంటు తీసిన ప్రతిసారీ తేదీ ఏ 2009కో వెళ్ళిపోతుంది. అప్పుడు సర్వర్ల సర్టిఫికెట్లన్నీ "ఇంకా పుట్టనివి"గా కనిపించి ఏ అప్‌డేటూ రాదు. చవకలో దొరికే బిళ్ళ బ్యాటరీతో తీరిపోయే సమస్యకి మెషీన్ పారేసినవాళ్ళున్నారు.

రెండోది డిస్క్ ఆరోగ్యం. స్మార్ట్ రిపోర్ట్ చూడండి, ర్యామ్‌కి మెమ్‌టెస్ట్ ఒకసారి నడపండి. దించిన ఫైల్ రాసేటప్పుడే చెడిపోతుంటే ఎన్నిసార్లు దించినా అంతే. సీ డ్రైవ్‌లో ఖాళీ స్థలం కూడా అప్పుడే చూసుకోండి.

మూడోది, పాత పెన్ డ్రైవ్‌తో మొదలెట్టొద్దు. ఆ ఓయస్‌కి వచ్చిన చివరి అధికారిక ఇమేజ్ సంపాదించండి. విండోస్ 10 అయితే 22హెచ్2. 2015 నాటి ఇమేజ్ పెట్టి అక్కణ్ణుంచి ఒక్కో మెట్టూ ఎక్కించబోవడం మనల్ని మనం శిక్షించుకోవడమే. 32 జీబీ స్టోరేజీ ఉన్న చిన్న ల్యాప్‌టాప్‌లైతే ఆ మధ్య మెట్ల మీదే ఊపిరాడక ఆగిపోతాయి.

నాలుగోది, కోడ్‌ని తిట్టకుండా చదవండి. 80072తో మొదలైతే నెట్‌వర్క్, టీఎల్‌ఎస్, తేదీ వైపు చూడాలి. 8024తో మొదలైతే గొడవ అప్‌డేట్ ఏజెంట్‌ది. 800ఎఫ్ తోనో 80073 తోనో మొదలైతే సాధారణంగా కాంపోనెంట్ స్టోర్ వైపు. అప్పుడు డిజమ్‌తో రిస్టోర్‌హెల్త్, ఆ తర్వాత ఎస్‌ఎఫ్‌సీ. వీడియోల్లో చెప్పే "సాఫ్ట్‌వేర్ డిస్ట్రిబ్యూషన్ ఫోల్డర్ తీసెయ్యండి" చిట్కా దించిన ఫైళ్ళు పాడైతే పనిచేస్తుంది. సంతకం సమస్యకి అదేం చెయ్యదు. ఫోల్డర్ తియ్యడం, రీస్టార్ట్ చెయ్యడం, మళ్ళీ తియ్యడం, ఇది పూజ తప్ప ట్రబుల్‌షూటింగ్ కాదు.

ఐదోది, ఆటోమేటిక్‌గా రానివాటిని మైక్రోసాఫ్ట్ అప్‌డేట్ కేటలాగ్‌లో నంబర్‌తో వెతికి చేత్తో పెట్టండి. విండోస్ 7కైతే సర్వీస్ ప్యాక్, తర్వాత కేబీ 4490628, తర్వాత కేబీ 4474419, తర్వాత 2016 మార్చి నాటి అప్‌డేట్ క్లయింట్ కేబీ 3138612. తర్వాత మిగతావి. పెట్టిన ఫైళ్ళన్నీ ఒక ఫోల్డర్‌లో వరస సంఖ్య వేసి దాచుకోండి. వచ్చేసారి వేరే ఇంట్లో పనికొస్తాయి.

అన్నీ అయ్యాక నిజాయితీగా ఒక మాట చెప్పండి. "ఇది ఈ పనికి పనికొస్తుంది, ఆ పనికి పనికిరాదు" అని. బాబాయ్ మెషీన్‌కి చివరి ప్యాచ్‌లన్నీ ఎక్కించాక నెట్ కేబుల్ తీసేయించాను. ఫైళ్ళు పెన్ డ్రైవ్‌లో వెళ్తాయి, వస్తాయి. వారానికోసారి బయటి హార్డ్ డిస్క్‌లోకి బ్యాకప్. బ్యాంకూ మెయిలూ అన్నీ ఫోన్‌లో. పేజ్‌మేకర్‌తో పని లేనివాళ్ళకి, బ్రౌజరూ సినిమాలూ చాలనుకునేవాళ్ళకి, తేలికైన లైనక్స్ ఒకటి వేసిస్తే ఇంకో ఐదేళ్ళు నడుస్తుంది. కోర్ 2 డ్యుయో, 2 జీబీ ర్యామ్ మెషీన్ మీద యూట్యూబ్ నడవాలంటే మాత్రం, అప్పుడు కొత్తది కొనుక్కోమనడంలో తప్పులేదు. తెలుసుకుని చెప్పడానికీ, విసుగొచ్చి చెప్పడానికీ తేడా ఉంది కదా.

ఈ సమస్య ఇంతటితో తీరేది కూడా కాదు. విండోస్ 10 మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14న అయిపోయింది. 2011లో ఇచ్చిన సెక్యూర్ బూట్ సర్టిఫికెట్ల గడువు 2026 జూన్ నుంచి తీరడం మొదలవుతుందని మైక్రోసాఫ్ట్ ముందే ప్రకటించింది. ఇవాళ కళకళలాడుతున్న మెషీన్లన్నీ ఒకరోజు ఫార్మాట్ అవుతాయి. ఆ రోజు ఎర్రగుర్తు వాటికీ కనిపించొచ్చు.

చివరిగా మనలాంటి వాళ్ళకి ఒక మాట. పెద్ద కంపెనీలని తిట్టడం సులువే. మనం రాసేవాటి సంగతేంటి? మన ప్రాడక్ట్ మూడో వెర్షన్ దగ్గర ఆగిపోయిన కస్టమర్ నేరుగా తొమ్మిదికి రాగలడా? "ముందు ఐదుకి వెళ్ళండి" అని డాక్యుమెంట్‌లో రాసేసి, ఆ ఐదో వెర్షన్ ఇన్‌స్టాలర్‌ని సర్వర్ నుంచి తీసేసిన టీములు ఎన్ని లేవు? ఏపీఐ మూసేటప్పుడు మనం చూసే గ్రాఫ్‌లో "ఒక శాతం కన్నా తక్కువ యూజర్లు" అని ఉంటుంది. ఆ గీతలో ఎవరో ఒకరి ఇరవై ఏళ్ళ పని ఉంటుంది. అందుకే రిలీజ్ చెక్‌లిస్టులో ఒక్క వరస చేర్చమని నా మనవి. ఖాళీ డిస్క్ తీసుకుని, మనం అమ్మిన అతి పాత వెర్షన్ ఎక్కించి, అక్కణ్ణుంచి ఇవాళ్టి దాకా రాగలమో లేదో చూడటం. రాలేకపోతే ఎక్కడ ఆగిందో, ఎందుకు ఆగిందో మనిషికి అర్థమయ్యే భాషలో చెప్పడం. కొత్త అంతస్తులు ఎన్నైనా కట్టుకుందాం, కింది మెట్లు మాత్రం పీకొద్దు. ఏమంటారు?